అయిపోయే ఆట ఇవ్వండి

మే నెలలో కర్నూలులో గానీ కడపలో గానీ పొద్దున పది దాటాక పిల్లల్ని బయటికి పంపడానికి ఏ తల్లికీ మనసొప్పదు. మళ్లీ వీధిలోకి వదలాలంటే సాయంత్రం ఐదు దాటాలి. అంతసేపూ ఇంట్లో ఫ్యాను కిందే గడవాలి. బొమ్మల పుస్తకాలు కొనే అలవాటు చాలా ఇళ్లలో లేదు. ఉన్నదల్లా అమ్మ ఫోను. అందుకే ఫోను ఇవ్వాలా వద్దా అని ఇంట్లో రోజూ తగువు పడేకంటే, ఇచ్చిన ఫోనులో ఏ ఆట ఉందో చూసుకోమని నేను తల్లిదండ్రులకు చెబుతాను. ఆటలన్నీ ఒకటి కావు. కొన్ని పిల్లల్ని పట్టుకుని కాసేపటికి వదిలేస్తాయి. కొన్ని వదలవు.

మన పిల్లల చేతుల్లో ఎక్కువగా కనబడేవి రెండు రకాలు. మొదటిది తుపాకుల పోరు. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌నూ, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌నూ కేంద్రం నిషేధించింది. అయినా బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మాక్స్ పేర్లతో ఆ పోరు సాగుతూనే ఉంది. రెండోది సబ్‌వే సర్ఫర్స్, టెంపుల్ రన్ లాంటి పరుగు. ఈ రెండింటికీ చివర అంటూ లేదు. ఒక పోరు ముగిస్తే ఇంకొకటి సిద్ధం, పడిపోతే మళ్లీ మొదటినుంచి పరుగు. ఎంత బాగా ఆడిన పిల్లవాడైనా ‘అమ్మయ్య, అయిపోయింది’ అని ఫోను పక్కన పెట్టే రోజు రాదు.

నేను చెప్పబోయేది సాహస ఆటల గురించి. వీటిలో ఒక కథ ఉంటుంది. ఆడేవాళ్లు ఆ కథలోని మనిషిని నడిపిస్తూ, మూసుకున్న తలుపులు తెరుస్తూ, దాచిన వస్తువులు వెతుకుతూ, చిక్కులు విప్పుతూ ముందుకు పోతారు. చాలావాటిలో గడియారం తరమదు, అవతల జట్టు ఉండదు. ఆగి ఆలోచించడమే ఆట. కొన్ని గంటలకో కొన్ని రోజులకో కథ ముగుస్తుంది. ఫోనులో ఆట ఇవ్వక తప్పనప్పుడు అయిపోయే ఆట ఇవ్వండి. నా మనవి ఇదొక్కటే.

ఈ రకం ఆట మొదట పుట్టింది ఒక తండ్రి చేతుల్లో. అమెరికాలో విల్ క్రౌథర్ అనే ఆయన కంప్యూటర్ ప్రోగ్రామర్. సెలవు దొరికితే కెంటకీలోని మామత్ గుహల్లోకి దిగి, కొలతలు తీసి, పటాలు గీసేవాడు. భార్యతో విడిపోయాక పిల్లలకు దూరమయ్యానన్న దిగులుతో, కూతుళ్లు ఆడుకోవడానికి 1975-76లో ఒక ఆట రాశాడు. తాను తిరిగిన గుహనే అందులో పెట్టాడు. బొమ్మలు లేవు, రంగులు లేవు, చప్పుడు లేదు. ఎదుట ఏముందో తెర మీద రెండు మూడు వాక్యాల్లో కనబడుతుంది. ‘తూర్పుకు పో’, ‘దీపం తీసుకో’ అన్నట్టు ఒకటి రెండు మాటలు టైపు చేస్తే ఆట నడుస్తుంది. మరుసటి ఏడాది డాన్ వుడ్స్ అనే మరో ప్రోగ్రామర్ దాన్ని పెంచి పెద్దది చేశాడు. దాని పేరే ‘అడ్వెంచర్’. ఆ తరువాత వచ్చిన ఈ కోవ ఆటలన్నిటికీ ఆ పేరే నిలిచిపోయింది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు వెంటనే తోచింది మన బెలుం. కొలిమిగుండ్ల మండలంలో, చూడ్డానికి ఏమీ లేని నల్లరేగడి చేల నడుమ, నేల నోరు తెరిచినట్టు ఒక గుంత. అందులోకి దిగితే 3,229 మీటర్ల గుహలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు. 1982, 83లలో డేనియల్ గెబావర్ జర్మన్ బృందంతో వచ్చి లోపలంతా కొలిచి పటం గీశాడు. కెంటకీలో క్రౌథర్ చేసిన పని, ఇక్కడ గెబావర్ చేసిన పని ఒక్కటే. చీకట్లో ఒక్కో మలుపూ గుర్తు పెట్టుకోవాలి, ఏ దారి ఎక్కడికి పోతుందో కాగితం మీదికి ఎక్కించాలి. మంచి సాహస ఆట పిల్లల చేత చేయించేది కూడా ఇదే. మెదడుకు ఇంత పని చెప్పే ఆటను, వేలికి తప్ప దేనికీ పని చెప్పని ఆటను ఒకే గాటన కట్టి ‘సెల్లు పాడుగాను’ అని తిడితే, పిల్లలకు మన మాట మీద గురి పోతుంది.

ఈ రుచి మనకు పరాయిది కూడా కాదు. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డి 1947 జులైలో చక్రపాణితో కలిసి ‘చందమామ’ మొదలుపెట్టారు. వాళ్లిద్దరే 1951లో ‘పాతాళభైరవి’ తీశారు. తోటరాముడు మాంత్రికుడి వెంట పోయి, గుహలు దాటి, పాతాళభైరవి బొమ్మను సాధించి, పోగొట్టుకుని, మళ్లీ దక్కించుకునే కథ. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం లాంటి ధారావాహికల కోసం ఇప్పటి తాతలు, అవ్వలు నెల నెలా కాచుకుని కూర్చున్నవాళ్లే. ఆ కథలు పిల్లల్ని కట్టిపడేసేవి, కానీ ప్రతి నెలా ఒకచోట ఆగేవి. ‘తరువాయి వచ్చే నెల’ అని పత్రికే ఆపేది. ఇప్పుడు ఫోనులో ఆపేవాళ్లు లేరు. ఆ పని మన మీద పడింది.

ఇక కొన్ని ఆటల పేర్లు చెబుతాను. మెచ్చుకోళ్లతో పాటు లోపాలూ చెబుతాను. పిల్లలకు ఏదైనా ఇచ్చేముందు రెండూ తెలియాలి కదా.

మొదటగా ఇవ్వదగింది ‘మాన్యుమెంట్ వ్యాలీ’. లండన్‌లోని అస్‌టూ సంస్థ 2014లో తెచ్చింది. తెల్లగౌను, తలమీద కొన తేలిన టోపీతో ఈడా అనే చిన్నపిల్ల. ఆమె నడిచే కోటలు లోకంలో ఎక్కడా ఉండవు. మెట్లు గోడ మీదికి ఎక్కుతాయి, నీళ్లు కింద పడి మళ్లీ పైనుంచే వస్తాయి. ఎదుట దారి తెగిపోయి ఉంటుంది. తెర మీద ఒక పిడి కనబడుతుంది, వేలితో తిప్పితే కోట మొత్తం తిరుగుతుంది. ఒక కోణానికి వచ్చేసరికి, అంతదాకా ఎక్కడో దూరంగా ఉన్న రెండు మెట్లు అంచుకు అంచు ఆనుకుని ఒకే దారి అయిపోతాయి. ఈడా దాని మీద నడిచి వెళ్లిపోతుంది! డచ్చి చిత్రకారుడు ఎషర్ గీసిన అసాధ్యపు మెట్ల బొమ్మల ప్రభావం అందులో తెలిసిపోతుంది. పది అధ్యాయాలు. ఒక్కో అధ్యాయం చిన్నది. తిట్లు లేవు, తుపాకులు లేవు. ఆరో తరగతి పిల్లలకు ఇచ్చి చూడండి. అదే వయసులో లెక్కల పుస్తకంలో వచ్చే ఘనం, కోణం వాళ్లకు బతికిన వస్తువుల్లా కనబడతాయి. లోపమూ ఉంది. రెండు మూడు గంటల్లో అయిపోతుంది, పైగా కథ మరీ గుట్టుగా సాగుతుంది, ఈడా ఏం తప్పు చేసిందో ఎవరిని క్షమాపణ అడుగుతోందో చిన్నపిల్లలకు అంతుబట్టదు. అక్కడ మీరు పక్కన ఉండాలి.

రెండోది ‘మషినేరియం’, చెక్ దేశపు అమానిటా డిజైన్ వాళ్లది, 2009. ఊరి బయట ఇనుప సామాన్ల దిబ్బ మీద ఒక బుల్లి రోబో ముక్కలై పడి ఉంటుంది. ఆ ముక్కలు ఏరి దాన్ని నిలబెట్టడంతో ఆట మొదలు. ఇందులో మాటలే లేవు. ఎవరికి ఏం కావాలో తల మీద బుడగలో బొమ్మలుగా కనబడుతుంది. తెలుగు మీడియం పిల్లలకూ ఇంగ్లీషు మీడియం పిల్లలకూ ఒకేలా అందే ఆట ఇది. ఇందులో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. దారి తోచకపోతే విప్పి చూసుకోవడానికి ఒక పుస్తకం ఉంది. దానికి తాళం. ఆ తాళం తీయాలంటే ప్రతిసారీ ఒక చిన్న విసుగు ఆట ఆడాలి. ఆ విసుగు కంటే ఇంకాసేపు ఆలోచించడమే నయమని పిల్లలే తేల్చుకుంటారు. కష్టమైన ఆట. సగానికి వచ్చేసరికి పెద్దవాళ్లూ తికమక పడతారు. పదేళ్ల పిల్లవాణ్ణి ఒంటరిగా వదిలితే యూట్యూబులో జవాబు చూసేస్తాడు, దాంతో ఆట చచ్చిపోతుంది. ఇద్దరు పిల్లలు కలిసి ఆడితే బాగుంటుంది.

కంప్యూటరున్న ఇంట్లో ‘నెవర్ అలోన్’ చూడండి. 2014లో అలాస్కాలోని ఇన్యుపియాట్ తెగ పెద్దలతో కలిసి చేశారు. ఎడతెగని మంచు తుపాను ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టడానికి నూనా అనే పిల్ల, ఒక తెల్ల నక్క బయలుదేరతాయి. కథ చెప్పే గొంతు వాళ్ల సొంత భాషలో ఉంటుంది. ఆడుతూ పోతుంటే ఆ తెగ మనుషులు తమ బతుకు గురించి చెప్పే చిన్న చిన్న వీడియోలు తెరుచుకుంటాయి. ఒకరు నూనాగా, ఒకరు నక్కగా ఆడొచ్చు. నాయన, బిడ్డ పక్కపక్కన కూర్చుని ఆడడానికి ఇంతకంటే అనువైనది నాకు తెలియదు. దూకుళ్లు మాత్రం సరిగా కుదరవు. తప్పు మనది కాకపోయినా పడిపోతాం, పిల్లలకు చిరాకు వస్తుంది.

ఆ ఆట చూసినప్పుడు మనసు కలుక్కుమంటుంది. అక్కడెక్కడో మంచులో ఉన్న కొద్దిమంది తమ అవ్వలు చెప్పిన కథను లోకమంతా ఆడుకునేలా చేసుకున్నారు. మనకేం తక్కువ? 1900 తరువాత ఎవరి కంటా పడక, ఇక లేదనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మన కడప జిల్లా చిట్టడవిలో, రాత్రిపూట, టార్చి వెలుగులో మళ్లీ దొరికింది. గండికోటలో పెన్నా కోసిన లోయ ఉంది. జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తొలకరి పడగానే వజ్రాల కోసం జనం నేల మీద కళ్లు పెట్టి నడుస్తారు. ఇవన్నీ ఆటలు కాదగిన కథలే. ఈ నేల పిల్లల్లోనే ఎవరో ఒకరు ఇవి చేయాలని నా కోరిక. మంచి ఆట ఆడినవాళ్లకే ఆ ఆలోచన వస్తుంది.

మన దేశపు ఆటలూ లేకపోలేదు. పుణెలోని నోడింగ్ హెడ్స్ 2020లో చేసిన ‘రాజీ’లో, రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడు గోలూ కోసం అక్క రాజీ బయలుదేరుతుంది. దుర్గ, విష్ణువు ఆమె కథ చెప్పుకుంటూ ఉంటారు. కోటలు, కొలనులు, గోడల మీది బొమ్మలు కంటికి పండగ. అయితే ఇందులో కత్తులు, బల్లేలతో పోరు చాలా ఉంది. పైగా చివర హఠాత్తుగా తెగిపోతుంది. పన్నెండు దాటిన పిల్లలకైతే ఇవ్వొచ్చు.

చూసి మోసపోకూడని ఆటలు రెండు చెప్పాలి. ‘లింబో’ అని డెన్మార్క్ ఆట, 2010 నాటిది. నలుపు తెలుపుల్లో అడవి, ఒక చిన్న పిల్లవాడు, తుపాకీ లేదు, ఎర్రటి నెత్తురు లేదు. పిల్లల ఆటే అనిపిస్తుంది. కానీ అడుగు తప్పినప్పుడల్లా ఆ పిల్లవాడు ఘోరంగా చస్తాడు, పెద్ద సాలీడు వెంటబడుతుంది. కళ కలిగిన ఆటే, పదో తరగతి దాటినవాళ్లకు. చిన్నవాళ్లు రాత్రి నిద్రలో ఉలిక్కిపడతారు. ఇంకోటి ‘గెన్షిన్ ఇంపాక్ట్’. కొండలు, మేఘాలు, ఎగిరే రెక్కలు, ఎంత అందమో. ఉచితంగా దొరుకుతుంది. కానీ కొత్త వీరుడు కావాలంటే చీటీ తీయాలి, మంచి చీటీ పడేదాకా తీస్తూ ఉండాలి, ఆ చీటీలు డబ్బుకు అమ్ముతారు. దానికి ముగింపు రాకుండా కొత్త కథలు చేరుస్తూనే ఉంటారు. తిరునాళ్లలో రంగుల చక్రం ముందు పిల్లల్ని నిలబడనివ్వం కదా, ఇదీ అలాంటిదే.

డబ్బు ముచ్చట వచ్చింది కాబట్టి ఒక మాట. మన ఇళ్లలో ‘ఫ్రీ’ అంటే మంచిది, డబ్బిచ్చి ఆట కొనడం దండగ అని ఒక నమ్మకం ఉంది. ఆటల విషయంలో చాలాసార్లు అది తలకిందులు. ఒకసారి డబ్బు తీసుకున్న ఆటకు మీ పిల్లవాణ్ణి పట్టి ఉంచాల్సిన అవసరం లేదు. ఉచిత ఆటకు వాడు ఎంతసేపు కూర్చుంటే అంత రాబడి. ప్లే స్టోర్‌లో ఆట పేరు దగ్గరే ప్రకటనలు ఉన్నాయా, యాప్‌లో కొనుగోళ్లు ఉన్నాయా అన్నది చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, పక్కనే వయసు గుర్తు 3+, 7+, 12+ అని. అవి చదవకుండా డౌన్‌లోడ్ చేయకండి. కొనుగోలుకు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా ప్లే స్టోర్ సెట్టింగుల్లో పెట్టండి. యూపీఐ పిన్ను పిల్లల ముందు నొక్కకండి. స్నేహితుడి ఫోనులోంచి పంపించుకున్న ‘మోడ్’ ఆటలను, అంటే ఎవరో మార్చిన ఆటలను, అసలు ఎక్కించనీయకండి. అవి మెసేజులు, కాంటాక్టులు చూసే అనుమతి అడిగితే పిల్లలు సరే అని నొక్కేస్తారు. ఇక పెద్ద పిల్లల విషయంలో, పందెం ఆటలను సాహసం అనుకోనివ్వకండి. ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది.

ఆపడం ఎలా అన్నది అందరూ అడిగే ప్రశ్న. ‘ఇంగ రెండు నిమిషాలే మా’ అని బిడ్డ అంటాడు, రెండు అరగంట అవుతుంది, మనం లాక్కుంటాం, వాడు అన్నం మీద అలుగుతాడు. జట్టుగా ఆడే పోరు ఆటల్లో నడుమ ఆపడం కుదరదు, వదిలేస్తే తోటివాళ్లు తిడతారు. వాడి మొండితనంలో సగం ఆ ఆటదే. సాహస ఆటలో ఆ ఇబ్బంది తక్కువ. అందుకే నిమిషాలు లెక్కపెట్టకుండా, ‘ఈ అధ్యాయం కాగానే ఇచ్చేయి’ అని ముందే మాట తీసుకోండి. మొదట్లో దగ్గరకు పోయి ‘యాడున్నావు ఇప్పుడు? ఏం వెతకతాండావు?’ అని అడగండి. జవాబు చెబుతూ చెబుతూ వాడే సగం బయటికి వచ్చేస్తాడు.

ఆ అడగడాన్ని అలవాటు చేసుకుంటే మరీ మేలు. ఆట అయ్యాక దాని బాగోగులు పిల్లల చేతే చెప్పించండి. ఎక్కడ ఇరుక్కున్నావు, ఎలా బయటపడ్డావు, ఏది అన్యాయం అనిపించింది, నీ స్నేహితుడికి ఈ ఆట ఇప్పిస్తావా? ‘బాగుంది’ అంటే సరిపోదని, ఎందుకు బాగుందో చెప్పమని మెల్లగా అడగాలి. పాత నోటుబుక్కులో నాలుగు వాక్యాలు తెలుగులో రాయమనండి, కోట పటం గీయమనండి. గీయడానికి ఏమీ మిగలని ఆట, చెప్పడానికి కథ లేని ఆట ఏదో వాళ్లకే తెలిసివస్తుంది. మనం చెడ్డదని వందసార్లు చెప్పడం కంటే అది గట్టిగా నాటుకుంటుంది.

ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఇళ్ల సంగతి వేరు. పత్తికో మిరప కోతకో అమ్మానాన్నలు సుగ్గికి గుంటూరు వైపు పోతే, పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. ఆ ఇంట్లో ఫోను ఒక్క ఆట బొమ్మే కాదు, అమ్మ గొంతు వచ్చే చోటు కూడా. అల్లరి చేశాడని ఆ ఫోను దాచిపెట్టడం చాలా పెద్ద శిక్ష. దయచేసి అది చేయకండి. ఆటకు ఒక వేళ పెట్టండి, అమ్మ ఫోను చేసే వేళకు అడ్డం రాకుండా. పొద్దున ఆడిన ఆటలో ఏం జరిగిందో రాత్రి అమ్మకు కథగా చెప్పమనండి. పొద్దంతా చేలో వంగి పని చేసి వచ్చిన తల్లికి ‘అన్నం తిన్నావా, బడికి పోయినావా’ తరువాత ఏం మాట్లాడాలో ఒక్కోసారి తోచదు. బిడ్డ దగ్గర ఒక కథ ఉంటే మాట సాగుతుంది.

ఇదంతా ఆడుతూ, తింటూ, బడికి పోతూ ఉన్న పిల్లల గురించి. ఆట మీద అదుపు పూర్తిగా తప్పి, తిండి, నిద్ర, చదువు, స్నేహాలు అన్నీ దాని వెనక్కి పోయి, నష్టం కళ్లెదుట కనబడుతున్నా నెలల తరబడి ఆగలేకపోతుంటే దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల పట్టికలో చేర్చింది. మామూలుగా ఏడాది పాటు అలా ఉంటేనే ఆ పేరు పెడతారు, కాబట్టి ఒక ఎండాకాలం ఎక్కువ ఆడాడని బెదిరిపోకండి. అనుమానం గట్టిగా ఉంటే 14416కు, అంటే టెలి మానస్‌కు ఫోను చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. కొట్టడం, నలుగురిలో అవమానించడం వల్ల పిల్లలు ఆటలోకే ఇంకా లోతుగా దాక్కుంటారు.

చివరగా అమ్మాయిల గురించి. సెలవుల్లో ఫోను అన్న చేతికి, చీపురు చెల్లి చేతికి పోతుంది. ఇది మన ఇళ్లలో రోజూ జరిగేదే, ఎవరూ ఆగి చూడరు. మొట్టమొదటి సాహస ఆట రాసిన తండ్రి కూతుళ్ల కోసం రాశాడు. ఈడా, నూనా, రాజీ ముగ్గురూ ఆడపిల్లలే. దారి వెతకడం, పటం గీయడం, ఇరుక్కున్నచోట నుంచి బయటపడడం మగపిల్లలకే రాసిపెట్టలేదు. ఈ ఎండాకాలం ఆట ఏదైనా కొంటే మొదటి అధ్యాయం అమ్మాయి చేత ఆడించండి. అన్నను పక్కన కూర్చోబెట్టి, చెల్లి అడిగేదాకా దారి చెప్పొద్దనండి. ఇంటి పని ఇద్దరికీ సమంగా పంచి, మధ్యాహ్నం అన్నాలు అయ్యాక మొదలుపెడితే, ఎండ తగ్గేసరికి రెండు మూడు అధ్యాయాలైనా అవుతాయి.